ఆకలి వేళ బేరము

ధ్యాన భాగములు: ఆదికాండము 25:29–34, 23:3–20



వేట నిషేధపు దినములు ముగిసిన తరువాత ఒక సాయంకాలము మా సంఘపు సహోదరి ఒకామె చేతిలో ఫోను పట్టుకొని మా యింటికి వచ్చెను. ఆమె భర్త బోటు మీద పనికి వెళ్లువాడు. ఆమె మైపాడు ఒడ్డున చేపలు పాడుకొని, గంపకెత్తుకొని ఊళ్లలో అమ్మును. అరుగు మీద కూర్చుండి ఆమె చెప్పిన మాట ఇది:

"అయ్యగారూ, నేను పట్టుచీర కొన్లేదు, బంగారం కొన్లేదు. వేట లేని రోజులకని బ్యాంకులో పదకొండు వేలు దాచుకున్నా. ఇప్పుడు చూస్తే మూడొందలుంది. ఎవురన్నా దొంగిలించినారేమో, కాస్త చూడండయ్యా."

మేము చూచితిమి. దొంగ ఎవడును లేడు. పది రూపాయలు, ఇరువది రూపాయలు, ముప్పది అయిదు రూపాయలు. పిల్లవానికి ఐస్‌క్రీము, ఫోనుకు రీచార్జి, ఎండకు కూల్‌డ్రింకు, బంధువులు వచ్చినందుకు మిక్చరు పొట్లము. నెల్లూరికి పోయినప్పుడు ఒక పెద్ద కొట్టులో ఒకసారి పదమూడు వందలు, ఇంకొకసారి తొమ్మిది వందలు. ఆ కొట్టుకు ఆమె నూనె కొరకును పప్పు కొరకును మాత్రమే పోయినది. మేము ఒక్కొక్కటిగా చదువుచుండగా ఆమె, "అవునయ్యా, అది నేనే. అదీ నేనే" అనుచు వచ్చెను. చివరకు తల వంచుకొని, "అన్నీ నేనే చేసినా గానీ, నేను చేసినట్టే లేదయ్యా. తప్పు నాదా, ఈ ఫోనుదా?" అని అడిగెను.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. తప్పు నీదే అందుమా, ఆమె కష్టజీవియే గాని దుబారా మనిషి కాదు. ఫోనుది అందుమా, నొక్కిన వ్రేలు ఆమెది. మనము కొనుదానిని మనమే ఎన్నుకొనుచున్నామా? లేక కొట్టు అమరికయు, వెళ్లిన వేళయు, చెల్లించు విధమును మనకొరకు ఎన్నుకొనుచున్నవా? అవియే ఎన్నుకొనుచున్నచో దేవుని యెదుట లెక్క అప్పగించవలసినవారెవరు? ఈ మాసము ఈ సంగతిని మనము కలిసి ఆలోచింతము.

ఏశావు కొన్న వంటకము

లేఖనములో మిక్కిలి నష్టకరమైన కొనుగోలు ఏదని అడిగినచో, ఆదివారపు బడి పిల్లలు సహితము ఏశావు కొన్న చిక్కుడుకాయల వంటకమని చెప్పగలరు. ఒక్క పూట భోజనమునకు జ్యేష్ఠత్వమంత ధర పెట్టెను. అతడు బుద్ధిహీనుడని మనము తేలికగా చెప్పివేయుదుము. అయితే ఆ బేరము ఎక్కడ, ఏ వేళ జరిగెనో గమనించితిమా?

ఏశావు అడవినుండి అలసి వచ్చెను. పొయ్యి మీద ఎర్రని వంటకము ఉడుకుచున్నది. వాసన ముక్కుకు తగులుచున్నది. యాకోబు సరిగా ఆ ఘడియనే జ్యేష్ఠత్వము అడిగెను. అదే మాటను మరుసటి దినము ఉదయమున, కడుపు నిండియున్న ఏశావును అడిగియుండినచో అతడు నవ్వి తన దారిని పోయియుండునని మాకు తోచుచున్నది. మనిషి అతడే, వంటకము అదే. వేళ మారినందున ధర మారెను.

అట్లని లేఖనము ఏశావును విడిచిపెట్టలేదు. హెబ్రీ పత్రిక పండ్రెండవ అధ్యాయము అతనిని మనకు హెచ్చరికగా నిలిపినది. యాకోబును మాత్రము మెచ్చుకొన్నదా? అదియు లేదు. తోడబుట్టినవాని బలహీన ఘడియను కనిపెట్టి బేరమాడిన ఈ యాకోబును తరువాత లాబాను రాత్రి వేళ, చీకటిలో మోసపుచ్చెను. రాహేలు అనుకొన్న యాకోబునకు తెల్లవారిన తరువాత లేయా కనబడెను. వేళను ఎంచుకొని ఇతరుని వంచినవాడు, వేళను ఎంచుకొన్న మరియొకనిచేత వంచబడెను.

కాబట్టి రెండు సంగతులను ఒక్కసారిగా పట్టుకొనవలెను. స్థలమును వేళయు మనిషి మనస్సును వంచగలవు. వంగినను, చాచిన చేయి మనదే. మొదటిది మరచినవాడు బీదలమీద కఠినుడగును. రెండవది మరచినవాడు తన ప్రతి తప్పును ఇతరులమీద వేయును.

కొంగుముడి

మా నాయనమ్మ డబ్బును చీర కొంగున ముడివేసుకొనెడిది. 1957 ఏప్రిల్ 1వ తేదీన మన దేశమున రూపాయికి నూరు పైసల లెక్క వచ్చెను. మేము చిన్నవారముగా నుండు నాటికి అది వచ్చి ముప్పది యేండ్లు కావచ్చుచున్నను, ఆమె మాత్రము కడవరకు అణాలలోనే లెక్కించెను. కొట్టు ముందర నిలిచి ఆ ముడి విప్పుట ఆమెకు పెద్ద పని. వ్రేళ్లకు రాక, పంటితో పట్టి లాగెడిది. ఆ ముడి ఊడులోపల ఆమె రెండుసార్లు ఆలోచించెడిది. అనేక పర్యాయములు, "వద్దులే శెట్టిగారూ, రేపు చూస్తా" అని మరల ముడివేసుకొని వచ్చెడిది. ఆమెను పిసినారి యని మేము నవ్వెడివారము. ఆ ముడియే ఆమెకు కాపలావాడని ఇప్పుడు గ్రహించుచున్నాము.

ఈ ముడి సంగతిని చదువుకొన్నవారును పరీక్షించిరి. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాపీఠమునకు చెందిన ప్రెలెక్, సిమెస్టర్ అను ఇద్దరు ఆచార్యులు 2001లో తమ పరిశోధనను ప్రకటించిరి. వారు బాస్కెట్‌బాల్ ఆట టిక్కెట్లను విద్యార్థుల మధ్య వేలము వేసిరి. కొందరికి నగదు చెల్లించవలెననియు, కొందరికి క్రెడిట్ కార్డుతో చెల్లించవలెననియు చెప్పిరి. మన ఒడ్డున చేపల పాట చూచినవారికి వేలమనగా ఏమో వివరింప నక్కరలేదు. కార్డువారు నగదువారికంటె సగటున రెండింతలు మించి పాడిరి. ఆట అదే, టిక్కెట్లు అవే. మారినది చెల్లించు విధము మాత్రమే. చేతిలోనుండి నోటు పోవుచున్నప్పుడు మనస్సులో ఒక చిన్న నొప్పి పుట్టును. ఆ నొప్పి లేనిచోట ధర కూడ లేనట్లే తోచును.

మన దేశమున యూపీఐ అను చెల్లింపు పద్ధతి 2016లో ఆరంభమయ్యెను. 2023 ఆగస్టు ఒక్క నెలలోనే ఈ విధమైన చెల్లింపులు వెయ్యి కోట్లు దాటినవి. నేడు మన పల్లెలో టీ కొట్టునకు స్కానరు ఉన్నది, చేపల గంపకు స్కానరు ఉన్నది. చెల్లించిన వెంటనే చిన్న పెట్టెలోనుండి తెలుగు మాట వినబడును. ముడి లేదు, చిల్లర లెక్కించుట లేదు, తిరిగి ఆలోచించు క్షణమును లేదు.

దీనిలో మేలు లేదని మేము చెప్పము. చెన్నైలో పనిచేయు కుమారుడు పంపిన డబ్బు నిమిషములో తల్లికి చేరుచున్నది. చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెట్టుట తగ్గినది. చేపలమ్మిన సొమ్ము నేరుగా స్త్రీ పేరిట బ్యాంకులో పడుచున్నది. త్రాగుబోతు భర్త గుంజుకొనుటకు గంపలో నోట్లు లేవు. ఆ సహోదరికి పదకొండు వేలు చేర్చిపెట్టినదియు ఈ ఫోనే. కూడబెట్టినదియు అదే, కరిగించినదియు అదే.

కొట్టు గడప

ఇక కొట్టును చూతము. పాత కాలపు కొట్టు మంచిది, క్రొత్త కొట్టు చెడ్డది అని వ్రాసిన చాలునని కొందరు అనుకొందురు. మన సంఘములలోని వృద్ధులు అట్లు అనరు. మా తాతగారు కొట్టు గడప ఎక్కలేదు. దూరముగా నిలిచి, నాణెమును నేలమీద పెట్టవలెను. శెట్టిగారు దానిమీద నీళ్లు చిలుకరించి తీసికొనెడివారు. ఉప్పును, మిరపకాయలను చేయి తగులకుండ పైనుండి గుడ్డలో వేసెడివారు. తూకము సరిగా ఉన్నదో లేదో త్రాసు దగ్గరకు పోయి చూచు హక్కు ఆయనకు లేదు. తాకి చూడని సరకునకు, చూడని తూకమునకు ఆయన డబ్బు చెల్లించెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 15వ అధికరణములో, కులమునుబట్టి గాని మతమునుబట్టి గాని దుకాణములలో ప్రవేశమును ఆటంకపరచరాదని ప్రత్యేకముగా చెప్పవలసి వచ్చెను. కొట్టు గడప అంత పెద్ద సంగతి.

నేడు పట్టణపు పెద్ద కొట్టులో ఎవరైనను తామే బుట్ట పట్టుకొని, తమ చేతితోనే సరకు తీసికొనవచ్చును. ఈ పద్ధతి 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ అనునతడు పెట్టిన కొట్టుతో పేరు పొందెను. పని ఖర్చు తగ్గించుటకు అతడు చేసిన యేర్పాటు అది. అయినను మా తాతగారి మనుమలు తలయెత్తి నడుచు వరుసలు అవి. మీ కులమేమని ఆ బుట్ట అడుగదు.

ధర విషయమునను ఇట్టి మేలు కలదు. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో క్వేకరులు అను క్రైస్తవులు బేరమాడుటయే తప్పని తలంచిరి. అవును అనగా అవును, కాదు అనగా కాదు అని మన ప్రభువు కొండమీద బోధించెను గదా. పది అని చెప్పి ఏడుకు ఇచ్చినవాడు మొదట అబద్ధమాడినట్టే గదా యని వారి వాదము. కనుక వారు అందరికి ఒకే ధర చెప్పిరి. దానివలన చిన్న బిడ్డను పంపినను మోసము ఉండదని జనులు వారి కొట్లకే వచ్చిరని జార్జి ఫాక్స్ తన దినచర్య గ్రంథమున వ్రాసెను. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1858లో ఆదివారపు బడి స్థాపించిన జాన్ వనమేకరు, 1876లో తెరచిన తన పెద్ద అంగడిలో ప్రతి వస్తువునకు ధర చీటీ కట్టించెను. చదువురాని బీదవానికిని దొరకును ఒకే ధర. ఇది నీతికి సంబంధించిన సంగతి.

కొనువాడును ఈ విషయమున పరిశుద్ధుడు కాడు. సామెతలు 20:14లో జ్ఞాని చూచినదానిని మనమును ప్రతి సంతలో చూచుచున్నాము. బేరము జరుగునంతసేపు సరకు పనికిరానిదందురు. కొని నాలుగడుగులు వేసిన తరువాత ఎంత చవకగా కొట్టుకొచ్చితిమో చూడుమని అతిశయింతురు. కీరలమ్ము ముసలమ్మ యొద్ద రెండు రూపాయలకు పోట్లాడి, పెద్ద కొట్టులో చీటీమీద ఉన్న ధరను నోరెత్తక చెల్లించువారము మనమే. ఇది న్యాయమా?

అయితే గడప లేని ఆ పెద్ద కొట్టులో మరియొక సంగతి యున్నది. పాత కొట్టులో మనము అడిగినదే వచ్చెడిది. ఇక్కడ మనము అడుగనివి మనలను అడుగుచున్నవి. తరచుగా కావలసిన బియ్యము, నూనె లోపలి మూలన ఉండును. వాటిని చేరుటకు పది వరుసలు దాటవలెను. పిల్లల కంటికి ఎదురుగా మిఠాయిలు. బిల్లు కొరకు నిలిచిన చోట, వేచియుండి విసుగు పుట్టినప్పుడు, చేయి చాచిన దూరములో చాక్లెట్లు. నూరు రూపాయలు అనక తొంబదితొమ్మిది అందురు. 1937లో అమెరికాలోని ఓక్లహోమా నగరమున సిల్వన్ గోల్డ్‌మన్ అను కొట్టు యజమాని చక్రముల బండి ప్రవేశపెట్టెను. కారణము సులువు. చేతి బుట్ట బరువెక్కినప్పుడు జనులు కొనుట ఆపివేయుచుండిరి. చేతి నొప్పియు కొంగుముడి వంటిదే. దానిని తీసివేసిరి.

ఇందులో అబద్ధము లేదు, దొంగ తూకము లేదు. అయినను అలసి వచ్చిన ఏశావు దారిలో పొయ్యి పెట్టుట ఉన్నది.

అరువు పుస్తకము

చెల్లించు విధములలో మన తీరమునకు ప్రత్యేకమైనది అరువు. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు తూర్పు తీరమున మరబోట్ల వేట నిషేధింపబడును. చేపలు గ్రుడ్లు పెట్టు కాలము గనుక అది మంచి చట్టమే. కాని ఆ 61 దినములు పొయ్యి వెలుగుట అనేకుల యిండ్లలో శెట్టిగారి అరువు పుస్తకమువలననే. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు, బ్యాంకుల ముందర జనులు నిలిచిన ఆ వారములలో, పల్లెలకు అన్నము పెట్టినది ఆ పుస్తకమే. స్కానరునకు మన ముఖము తెలియదు. పుస్తకమునకు తెలియును. ఎవరి యింట జ్వరమో, ఎవరి బోటు రాలేదో ఎరిగి అరువిచ్చిన చేయి అది.

అయినను అదే పుస్తకము గొలుసు కూడ కాగలదు. వలకును ఇంజనుకును అడ్వాన్సు తీసికొన్నవాడు తన చేపలను పాటలో పెట్టలేడు. అడ్వాన్సు ఇచ్చినవాడు చెప్పిన ధరకే ఇయ్యవలెను. రొయ్యల గుంట వేసి మేత అరువు తెచ్చినవానికి మేత ధర ఎక్కువ, రొయ్య ధర తక్కువ. పొలము చేయువాడు కోత నాటికి బాకీలు మీదపడినందున, పుట్టికి, అనగా మన నెల్లూరు లెక్కన 850 కిలోలకు, కళ్లములో చెప్పిన ధరకే తల ఊపును. నెల రోజులు ఆగిన ధర పెరుగునని తెలిసియు ఆగలేడు. ఇదియు ఆకలి వేళ బేరమే. అప్పు చేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడని సామెతల గ్రంథము బోధించినది మన ఒడ్డున నిత్యము కనబడుచున్నది. వెంటనే ఋణము ఇచ్చెదమని ఫోనులో వచ్చు పిలుపులు ఈ గొలుసునకు క్రొత్త లింకులు. పాత గొలుసు కనబడెడిది. ఇది కనబడదు.

ఇక్కడ మా తప్పును ఒకదానిని దాచక చెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మా యింట రోగము వచ్చినప్పుడు మా ఊరి కొట్టులో ఆరు నెలలు అరువు తెచ్చితిమి. ఆయన ఒక్కనాడును అడుగలేదు. తరువాత మాకు కొంత డబ్బు చేతికి వచ్చెను. మేమేమి చేసితిమి? బాకీ కొంత మాత్రము కట్టి, మిగిలిన దానితో బస్సెక్కి పట్టణపు పెద్ద కొట్టుకు పోయి నెల సరకులు తెచ్చితిమి. అక్కడ చల్లగా ఉండెను, ఎవరును మా మొగము చూడలేదు, మా బాకీ ఎవరికిని తెలియదు. తిరిగి వచ్చునప్పుడు సంచులతో కొట్టు ముందరనుండి రాలేక, చెరువు గట్టున చుట్టు తిరిగి వచ్చితిమి. ఆ గట్టు మీదనే మా మనస్సాక్షి మమ్మును పట్టుకొనెను. కష్టకాలమున మోసినవానికి బాకీ, మోయనివానికి నగదు! మేము చవక కొరకు పోయితిమని మాకు మేమే చెప్పుకొంటిమి. నిజమునకు మా బాకీ ఎరిగిన కన్నులు లేని చోటును వెదకి పోయితిమి.

మరునాడు ఉదయము వెళ్లి ఆయనతో ఈ మాట చెప్పితిమి. ఆయన పుస్తకము తీయకుండనే, "చెరువు గట్టున పోతుంటే చూసినాలే అయ్యగారూ. గట్టు బురదగా ఉంటది, ఈసారి ఇటే రండి" అనెను. మాకు అంతకు మించిన ప్రసంగము ఎవరును చేయలేదు.

త్రోవ మార్చిన స్త్రీలు

ఇప్పుడు ఆ సహోదరి ప్రశ్నకు తిరిగి వత్తము. బదులు వెదకుటకు మేము దూరము పోలేదు. మన జిల్లాలోనే, మెట్ట ప్రాంతమున, కలిగిరి మండలములో దూబగుంట అను గ్రామమున్నది. 1992లో అక్కడి స్త్రీలు తమ ఊరి సారాయి కొట్టును మూయించిరి. వారి కథ రాత్రి బడులలో వయోజనుల పాఠ్యపుస్తకమునకు పాఠమాయెను. చదివిన ప్రతి ఊరి స్త్రీలు లేచిరి. జిల్లాలో సారాయి వేలములను జరుగనియ్యలేదు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. మేము అప్పటికి బడికి పోవు పిల్లలము.

ఆ స్త్రీలు చేసినదానిని తిన్నగా ఆలోచింపుడి. అంతకుముందు ఎన్ని యేండ్లు వారు భర్తలను బ్రతిమాలలేదు? ఎన్ని ఒట్లు వేయించలేదు? ఒట్టు వేసినవాడు కూలి డబ్బు చేతపట్టుకొని, ఒడలు పులిసి వచ్చు త్రోవలోనే కొట్టు ఉండెను. ఉదయము వేసిన ఒట్టు సాయంకాలపు త్రోవలో నిలువలేదు. ఆ స్త్రీలు పురుషుని మనస్సుతో వాదించుట మాని, అతని త్రోవను మార్చిరి. పిమ్మట మన జిల్లాలోనే స్త్రీలు పొదుపులక్ష్మి సంఘములలో చేరి దినమునకు ఒక్క రూపాయి చొప్పున దాచుకొనిరి. సారాయి కొట్టు త్రోవలోనుండి తొలగెను, పొదుపు త్రోవలోనికి వచ్చెను. ఇంట అన్నము మిగిలెను.

ఇది లోకజ్ఞానము మాత్రమే అనుకొనవద్దు. ప్రభువు మనకు నేర్పిన ప్రార్థనలో శోధనను జయించు బలమిమ్మని అడుగుటకు ముందే, శోధనలోనికి తీసికొని పోవద్దని అడుగుచున్నాము. అది త్రోవను గూర్చిన ప్రార్థన. తన బలహీనత ఎరిగినవాడు చేయు ప్రార్థన. పొయ్యి ప్రక్కన నిలిచి వాసన చూచుచు, ఓ దేవా నాకు ఆకలి వేయకుండ చేయుమని అడుగుట కంటె, తిని బయలుదేరుట మంచిది.

తూచి ఇచ్చిన వెండి

ఏశావుకు తాతయైన అబ్రాహాము కూడ ఒకసారి బలహీన వేళ కొనవలసి వచ్చెను. శారా చనిపోయెను. శవము ఎదుట ఉన్నది, పాతిపెట్టుటకు అడుగు నేల లేదు. దుఃఖములో ఉన్నవాడు ధర అడుగడని అమ్మువారికి ఎప్పుడును తెలియును. ఎఫ్రోను మొదట ఊరకనే ఇచ్చెదననెను. పిమ్మట, నాలుగు వందల తులముల వెండి నీకును నాకును మధ్య ఎంతపాటిదని తేలికగా పలికెను. ధరను చిన్నదిగా వినిపించు నేర్పు అంత పాతది!

అబ్రాహాము ఆ తేలిక మాటకు లోబడలేదు. ఊరి గవిని యొద్ద, హేతు కుమారులు వినుచుండగా, ధరను బయలుపరచి, వెండిని తూచి ఇచ్చెను. పొలము, గుహ, చెట్లు ఏవేవి తనవో స్థిరపరచుకొనెను. దుఃఖము ఆయనకును ఉండెను. ఆయనను కాపాడినది సాక్షులున్న చోటు, తూచి ఇచ్చిన విధము. ఏశావు ఒంటరిగా, పొయ్యి ప్రక్కన, తూచక ఇచ్చెను.

ఆ సహోదరికి చివరకు మేము చెప్పిన బదులు ఇదే: "అమ్మా, ఆ ఘడియలో తప్పు సగము త్రోవది. రేపు ఏ త్రోవను పోవుదువో అది మాత్రము పూర్తిగా నీది." ఆమె కొంతసేపు ఆలోచించి, తానే ఒక మార్గము కనుగొనెను. చేపల సొమ్ము పడు ఖాతాను ఫోనునుండి తీయించి, బ్యాంకు పుస్తకము మీదనే ఉంచుకొనెను. ఫోనులో వారమునకు అయిదు వందలు మాత్రము వేసికొనును. శనివారము రాత్రి కుమార్తెచేత ఆ వారపు చెల్లింపులను పైకి చదివించుకొనును. "ఇది నా కొంగుముడి అయ్యగారూ" అని నవ్వెను. మా నాయనమ్మ సంగతి మేము ఆమెకు అదివరకు చెప్పియుండలేదు!

మనమును ఇట్టి ముడి ఒకటి వేసికొందము. ఆకలితోను, కోపముతోను, దుఃఖముతోను ఉన్నప్పుడు కొట్టుకు పోకుందము. కావలసినవి ఇంటియొద్దనే చీటీమీద వ్రాసికొందము. నొక్కుటకు ముందు ధరను నోటితో పలుకుదము. కష్టకాలమున మనలను మోసిన కొట్టుకు నగదు వేళ ముఖము చాటు చేయకుందము. మనలో కొట్టు పెట్టినవారు, పాట పాడువారు, అడ్వాన్సులు ఇచ్చువారు ఉన్నారు. వారికి ఒక మాట. సహోదరుని ఆకలి వేళను కనిపెట్టి ధర చెప్పకుడి. తూకము సరిగా ఉన్నను, వేళ దొంగదైనచో బేరము దొంగదే.

మన ఆలయములో కానుక పెట్టె ప్రక్కన స్కానరు పెట్టవలెనా యని యౌవనస్థులు అడుగుచున్నారు. పెట్టవచ్చును. దూరమున ఉన్న బిడ్డలు దానివలన కానుక పంపగలరు. అయితే మన తల్లులు ప్రతి పూట ఎసట్లో పోయుటకు ముందు ప్రభువునకని తీసిపెట్టు పిడికెడు బియ్యమును మానకుందము. కానుక పెట్టె యెదుట కూర్చుండి, జనులు డబ్బు ఎట్లు వేయుచున్నారో మన ప్రభువు చూచుచుండెనని మార్కు సువార్త తెలుపుచున్నది. ఎంత వేసిరో మాత్రమే గాక ఎట్లు వేసిరో చూచెను. ఆ బీద విధవరాలి రెండు కాసులు ఆమె చేతిని విడుచునప్పుడు వాటి బరువు ఆమెకు తెలియును. ఇచ్చునప్పుడును కొనునప్పుడును ఆ బరువు తెలిసిన చేతులను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.